అక్కని తీసుకుపోతానన్న మాట

అక్క ఇంటి నుంచి బయల్దేరేటప్పుడల్లా గేటు దగ్గర నాకో పని ఉండేది. అక్క మణికట్టు పట్టుకుని లాగుతూ, అరుగు మీద కూర్చున్న బావ వినేలా, "బావా, మా అక్కని తీసుకుపోతన్నాను. నీ దగ్గర దీనికి సుఖం నేదు," అనేదాన్ని. బావ పేపరు దించకుండానే, "తీసుకుపో మరదలా. రెండ్రోజులు దాని గురక ఇన్నాక నువ్వే తెచ్చి దింపీసి పోతావు," అనేవాడు. అక్క మా ఇద్దర్నీ కలిపి తిట్టేది. ఆ తిట్లు తిన్నాకే ఆటో ఎక్కేదాన్ని. వాళ్లది గాజువాక, మాది సీతమ్మధార. ముప్ఫై ఏళ్లు ఇదే వరస.

అక్క మొగుణ్ణి ఆటపట్టించడం మరదలికి హక్కు. పట్టించకపోతే తప్పు కూడా. ఒకసారి ఒళ్లు వెచ్చబడి ఆ మాట అనకుండానే వచ్చేశాను. మర్నాడు బావ ఫోన్ చేశాడు.

"ఏటే, కోపమొచ్చిందేటి? నిన్న అక్కని తీసుకుపోతాననలేదు."

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఆయాసం. మా నాన్న పోర్టు పని నుంచి వచ్చి, స్నానం చేసి, పలక పట్టుకుని నా పక్కన కూర్చునేవాడు. ముందు ప్రార్థన, తరవాత అక్షరాలు. ఈరోజు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తండ్రి చలవ, అలాంటి తండ్రినిచ్చిన దేవుడి చలవ. నాన్నకి మాటలంటే ఇష్టం. వీధిలో విన్నవన్నీ తెచ్చి ఆయన ముందు పోసేదాన్ని. వేళాకోళమన్నా ఎకసెక్కమన్నా ఒకటేనా అని అడిగితే ఓరోజు పలక పక్కన పెట్టి చెప్పాడు.

"ఇద్దరూ నవ్వితే పరాచికం. అన్నోడు ఒక్కడే నవ్వితే ఎగతాళి. ఎటకారంలో ఎవరూ సరిగ్గా నవ్వరు, మూతి ఒంకరవుద్దంతే."

"మరి యాలాకోలమో?"

పలక మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. "అది మనిషిని బట్టమ్మా. మనోళ్లంటే బాగుంటాది. పైవాళ్లంటే మండుతాది."

నాకు అర్థమైందనే అనుకున్నాను. ఇద్దరూ నవ్వాలని చెప్పాడు గానీ, ఎదుటి మనిషిలో నవ్వు ఆగిపోతే దాన్ని ఎలా కనిపెట్టాలో నాన్న చెప్పలేదు. నేనూ అడగలేదు.

పోయినేడాది బావకి తలలో రక్తం గడ్డకట్టింది. స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి, గట్టివాడు. పది రోజుల్లో లేచి నడిచాడు. అందర్నీ గుర్తుపడుతున్నాడు, తన అన్నం తాను కలుపుకుంటున్నాడు. చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను, మా బావని మాకు మళ్లీ ఇచ్చావు ప్రభువా అని. ఒక్కటి మాత్రం తిరిగి రాలేదని అప్పటికి మాకు తెలియదు. ఆయనకి హాస్యం తెలియడం పోయింది. ఏ మాట వింటే ఆ మాటే నిజం.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర నా మాట నేనన్నాను. బావ అరుగు మీంచి లేచాడు. లోపలికి వెళ్లి తాళం కప్ప తెచ్చి గేటుకి వేశాడు. నేను పగలబడి నవ్వాను. ఇదివరకటి కంటే బాగా ఆడుతున్నాడు అనుకున్నాను. మరుసటి వారం వెళ్తే అక్క చెప్పులు కనపడలేదు. ఇల్లంతా వెతికితే బియ్యం డ్రమ్ములో దొరికాయి. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వి, "సెప్పుల్లేకపోతే ఎత్తుకుపోతాను బావా," అన్నాను. మూడో వారం, ఆయన దాచే రకం అయితే నేను దోచే రకమని, ఇంటి నుంచి సంచీ పట్టుకెళ్లాను. ఆయన చూస్తుండగానే అక్క చీరలు రెండు అందులో కుక్కాను.

బావ గుమ్మంలో కూలబడ్డాడు.

"మరి నాకెవరున్నారు?" అన్నాడు.

వాళ్లకి పిల్లల్లేరు. అక్క నా చేతిలోంచి సంచీ లాక్కుంది. మూడు వారాలుగా భయపడి చస్తున్న మనిషితో నేను ఆడుకుంటున్నానని అప్పుడు తెలిసింది.

పక్కన కూర్చుని చెప్పడానికి చూశాను.

"యాలాకోలం బావా. ఉత్తినే అన్నాను."

"ఉత్తినే ఎందుకు తీసుకుపోతావు?"

"సరదాకి బావా."

"నీకు సరదాగా ఉందేటి?"

"జోకు, బావా. జోకు."

ఆ మాటకి నన్నూ అక్కనీ మార్చి మార్చి చూశాడు. "నన్ను సూసి నవ్వుతన్నారా ఇద్దరూ?"

నాన్న ఇచ్చిన మాటలన్నీ అయిపోయాయి.

అదే నెలలో అక్కకి రక్తం పడటం మొదలైంది. అంతా ఆగిపోయి ఏళ్లయిన మనిషికి. మా సీతమ్మధారలోనే డాక్టరమ్మకి చూపిస్తే గర్భసంచిలో గడ్డ ఉందంది. తొందరగా తీసేయాలి, తీసి పరీక్షకి పంపితే గానీ అదేమిటో చెప్పలేనంది. తేదీ ఇచ్చింది. ఆ పొద్దున్న నేనే ఆటో తీసుకుని గాజువాక వెళ్లాను. నన్ను చూడగానే బావ గేటు వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నువ్వూ రా బావా. ముగ్గురం ఎల్దాం."

"నువ్వలాగే అంటావు. దార్లో నన్ను దింపీస్తావు."

ప్రమాణం చేస్తానన్నాను. నా ప్రమాణం కూడా ఆయనకి నా మాటే కదా. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. అక్క ఖాళీ కడుపుతో, చేతిలో బ్యాగుతో నిలబడి నిలబడి చివరికి అరుగు మీద కూర్చుంది. నేను గేటుకి ఇవతల. తేదీ పోయింది. డాక్టరమ్మ ఫోన్‌లో నన్ను కేకలేసింది.

"ఇంత ఆలస్యం పనికిరాదు. ఇంట్లో మగవాళ్లకి చెప్పండమ్మా."

ఎనిమిది రోజులకి మళ్లీ తేదీ దొరికింది. ఆ ఎనిమిది రోజులూ అక్కకి రక్తం పోతూనే ఉంది. ముందురోజు అక్కే ఫోన్ చేసింది, గొంతు తగ్గించి.

"రేపు నువ్వు రాకే. నిన్ను సూత్తేనే బెదిరిపోతన్నాడు. పక్కింటావిడ వత్తానంది. నువ్వు లేకపోతే ఆయనా వచ్చి కూకుంటాడు."

ఆసుపత్రి మా ఇంటి నుంచి ఐదు నిమిషాల నడక. ఆ ఐదు నిమిషాల దూరంలో నా తోడబుట్టినదాన్ని కోస్తుంటే నేను ఇంట్లో మోకాళ్ల మీద ఉన్నాను. ప్రార్థన రాలేదు. చిన్నప్పటి నుంచి వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. "తండ్రీ" అనడం, ఆగడం, మళ్లీ "తండ్రీ" అనడం. మధ్యాహ్నం పక్కింటావిడ ఫోన్ చేసి, బయటికి తెచ్చారు, బాగానే ఉందంది. బావ నెమ్మదిగా కూర్చున్నాడట, ఎవర్నీ ఏమీ అనలేదట. నేను లేకపోవడమే మందు. ఆవిడకి దేవుడు మేలు చేయాలి.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడే కబురు చేసింది. ఆయన టీకి కిందకి వెళ్లాడు, రెండు నిమిషాలు చూసి పోండి అని. వెనక మెట్ల మీంచి పరుగున ఎక్కాను. ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడితే అక్క నన్ను చూసి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"నవ్వించకు. కుట్లు లాగుతాయి."

"నానేటీ అననేదు కదే."

"నీ మొహమే అలగుంది."

నవ్వి, నొప్పికి కళ్లు మూసుకుంది. నేను ఆ మంచం పక్కకి వెళ్లానో లేదో, వెనక చెప్పుల చప్పుడు. బావ. చేతిలో అక్క కోసం తెచ్చిన టీ ఒలికిపోతోంది.

"తీసుకుపోతావేటి?"

"నేదు బావా. సూడ్డానికి వచ్చాను."

నమ్మాడో లేదో తెలియదు. టీ గట్టు మీద పెట్టి, వరండాలోంచి ఇనప స్టూలు ఈడ్చుకొచ్చి సరిగ్గా గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. ఒక కాలు ద్వారబంధానికి తన్ని పట్టాడు. బీపీ చూడటానికి వచ్చిన నర్సు, "లెగండి తాతగారూ, కాపలా కాస్తన్నారేటి?" అంది.

"దీన్ని ఎవరూ తీసుకుపోకుండా సూత్తన్నాను."

ఆ పిల్లకి ముచ్చటేసింది. "ఎవరూ తీసుకుపోనక్కర్లేదు. ఎల్లుండి మేమే తోలేస్తాం!" అని నవ్వుతూ ఆయన పక్కనుంచి ఒదిగి లోపలికొచ్చింది. బావ రెండో కాలు కూడా ఎదుటి ద్వారబంధానికి తన్నాడు. వేళాకోళమని ఆయనకి చెప్పబోయి ఊరుకున్నాను.

గడ్డ చెడ్డది కాదని తరవాతి వారం రిపోర్టు వచ్చింది. ప్రభువుకి వందనాలు. ఆ మధ్యాహ్నానికి మాత్రం మాకు అదేమీ తెలియదు.

ఇంటికి వెళ్లాలి. పొయ్యి ఆర్పి, జావ సగంలో వదిలేసి వచ్చాను. "ఎల్తాను బావా, దారియ్యి" అనాలి, అంతే. ఆ చిన్న మాట ఎలా పలికితే, నేనొక్కదాన్నే వెళ్తున్నానని ఆయనకి అర్థమవుతుందో నాకు తెలియలేదు. నర్సు వెళ్లడానికి కాళ్లు దించి, మళ్లీ తన్ని పట్టాడు. పక్కింటావిడ వరండాలోంచి నాకేసి చూసి చేతులు తిప్పింది, ఏం చేద్దామన్నట్టు. నేను మంచం అంచున కూర్చుని అక్క కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాను. సాయంత్రం డాక్టరమ్మ రౌండ్సుకి వచ్చి ఆయన్ని లేపేదాకా అలాగే ఉన్నాను.