ఆంథోనన్న పొడుగు గిటారు

సారపాక ఆంథోనికి ఒక్కటే జబ్బు. ఏదన్నా పైన కనబడితే దాన్ని కిందికి దింపేదాక మనిషికి నిద్ర పట్టదు. గోడ మీది గడియారం దింపిండు, ఫోటోలు దింపిండు, టీవీ స్టాండు దింపిండు. సీలింగు ఫ్యాను ఎంత కిందికి దింపిండంటే, ఆ ఇంట్ల అందరు నడుం వంచి తిరిగేటోళ్లు. కొత్తగ వచ్చినోళ్లు చూసి, అబ్బ, ఈ ఇంటోళ్లకు ఎంత భక్తి అనుకునేటోళ్లు. "జర దింపుదామా?" అన్నది ఆ మనిషి ఊతపదం. దాంతోనే లేస్తడు, దాంతోనే పంటడు.

ఒకనాడు రంపం పట్టుకొని ఇంట్ల ఉన్న నాలుగు టేకు కుర్చీల కాళ్లు బెత్తెడు బెత్తెడు కోసిండు. ఒక కాలు ఎక్కువ తెగింది. దానికి సమానంగ మిగిలినయి కోసిండు. మళ్ల ఇంకోటి ఎక్కువ తెగింది. పొద్దుగూకేసరికి కుర్చీలు పోయి పీటలు మిగిలినయి. ఇల్లు దీవించనీకి వచ్చిన ఫాదరు అందుల కూసున్నడు, ప్రార్థన చేసిండు, లేవబోయిండు, లేవలేకపోయిండు. మోకాళ్లు గదుమకు తగులుతున్నయి. ఆంథోని ఒక రెక్క, జీపు డ్రైవరు ఒక రెక్క పట్టి లేపాల్సి వచ్చింది.

"ఇదేం కుర్చీ, ఆంథోనీ?"

"వినయం నేర్పుతది, ఫాదర్."

ఆ తర్వాతి ఆదివారం ప్రసంగం అయినంక గుడి మెట్ల మీద ఫాదర్‌ను మళ్ల పట్టుకున్నడు. "ఫాదర్, పరలోకాన్ని జర దింపి చెప్పున్రి. మా షిఫ్టు డ్యూటీ గాళ్లకు అందుతలేదు." ఫాదరు శిలువ గుర్తు వేసుకొని జీపెక్కిండు.

వీధిల కూరగాయలమ్మే కొండమ్మనూ ఇడిసిపెట్టలే. బేరం ఆడుడు అందరు ఆడుతరు, ఈయన ఆమె కేక మీద బేరం పెట్టిండు. "కొండమ్మా, టమాటలని అంత పైనుంచి అందుకుంటవేంది? జర దింపి అరువు, కమ్మగ ఉంటది."

"నేను దింపి అరిస్తే రెండో వీధిల నీ అత్త కొంటదా?" అన్నది కొండమ్మ. అయినా మర్నాడు బొంగురు గొంతుతోటి "టమాటా" అని వస్తే, ఏందో దొంగ సరుకని జనం గుమిగూడిన్రు. గంపంతా అమ్ముడువోయింది. ఊరంత ఈ ముచ్చట చెప్పుకొని నవ్వింది.

నవ్వనోడు ఒక్కడే. జస్టిన్. ఎందుకంటే ఆంథోని జబ్బు తగిలింది గడియారానికీ కుర్చీలకేగాదు, జస్టిన్ పాటకు గూడ.

జస్టిన్ బస్సు కండక్టరు. పొద్దంత "పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం" అని అరుసుడు, సెలవు దొరికితే గౌతమి ఆర్కెస్ట్రాల పాడుడు. ఆర్కెస్ట్రా అంటే పెద్దదేం గాదు. పాటకు జస్టిన్, గిటారుకు ఆంథోని, కీబోర్డుకు భద్రాచలంల గడియారాలు బాగుచేసే మహబూబ్ అలీ. పెండ్లిళ్లు, క్రిస్మస్, కాలనీ ఫంక్షన్లు, ఎవరు పిలిస్తే వాళ్లకు. వయసుల ఉన్నప్పుడు జస్టిన్ పై శృతి అందుకుంటే గుడి మీది పావురాలు లేచి గోదారి దాటేటియని పేరు. ఆ పేరు మీదనే బతుకుతున్నడు పాపం.

ఆంథోని గూడ అప్పట్ల మామూలు గిటారే వాయించెటోడు. పాట నడుమ వేళ్లు ఉరికిస్తే జనం ఈలలేసేటోళ్లు. అసుమంటి మనిషి ఒకనాడు తను పనిచేసే కాగితం మిల్లుకు సెలవు పెట్టి హైదరాబాదు పోయి, కొత్త గిటారు మోసుకొచ్చిండు. బ్యాగు ఇప్పంగనే జస్టిన్ నోరు తెరిచిండు.

"గిదేందన్నా? గిటారా, ఒంటె మెడనా?"

"బారిటోన్ గిటారు, తమ్మీ. మామూలు దానికంటె మెడ పొడుగు, తీగలు లావు. మోత కింది నుంచి వస్తది." ఒక్క తీగ మీటిండు. బావిల నుంచి ఎవరో పెద్దమనిషి పిలిచినట్టు మోగింది. "ఒక్కటే కష్టం. ఇది పైకి పోదు. పాటలే జర దింపుకోవాలె."

ఇగ అయింది. గౌతమి ఆర్కెస్ట్రాల పాటలన్నీ కిందికి దిగినయి. ఉగాదికి దిగినయి, ఈస్టర్‌కు దిగినయి, రంజాన్ తర్వాత మహబూబ్ అలీ మరదలు పెండ్లిల గూడ దిగినయి. ఎప్పుడన్నా జనంల నుంచి ఎవడో ఒకడు లేచి, "ఏందన్నా, పెండ్లికొచ్చినమా, దినాలకొచ్చినమా?" అని కేకేసేటోడు. వెంటనే ఆంథోని మైకు గుంజుకునేటోడు.

"తప్పు జస్టిన్‌ది గాదు, బాబూ. తప్పు నా గిటారుది. మొండిది, పైకి పోదు. నన్ను తిట్టున్రి!"

మనిషి గిట్ల దొరికితే జనం ఊకుంటరా? తనివితీర తిట్టెటోళ్లు. "ఎద్దు గిటారు" అని పేరు గూడ పెట్టిన్రు. ఆంథోని నవ్వుకుంట దండం పెట్టెటోడు. జస్టిన్ మాత్రం వెనుక నిలబడి పండ్లు కొరికెటోడు. పావురాలను లేపిన గొంతును తీసుకపోయి ఈయన బావిల పడేసిండని వాడి ఏడుపు.

గట్ల ఏండ్లు గడిచినయి. జస్టిన్ మేనకోడలు మహిమ పెండ్లి కుదిరింది. పాల్వంచ కాలనీల, పెద్ద షామియానా, మగపెండ్లోళ్లంతా పాటలు తెలిసినోళ్లు. అక్క కొంగు పట్టుకొని చెప్పింది, "తమ్మీ, మహిమ పుట్టిననాడు నువ్వు పాడిన స్తుతిగీతం అదే శృతిల పాడాలె. పిల్ల అదొక్కటే అడిగింది." జస్టిన్ ఛాతి ఇంత పొంగింది. ప్రాక్టీసుల ముచ్చట తెచ్చిండు.

"అన్నా, ఈ పాట మాత్రం పైనే."

ఆంథోని తీగలు తుడుసుకుంట అన్నడు, "జర దింపుదామా, తమ్మీ?"

"దింపుడు లేదు, గింపుడు లేదు! నా పేరంత ముంచినవ్ నువ్వు. నీ గిటారు నీ ఇంట్లనే పెట్టుకో. మెడ పొడుగే గదా, వదిన బట్టలారేసుకుంటది."

మహబూబ్ అలీ తల దించుకున్నడు. ఆంథోని గిటారు బ్యాగుల పెట్టిండు, చైను గుంజిండు, భుజానికేసుకున్నడు. గడప దాక పోయి వెనక్కి తిరిగిండు. "సరే, తమ్మీ. బస్సుల మాత్రం జర తక్కువ అరువు" అన్నడు.

చూసిన్రా, పోతపోత గూడ దింపుడు ముచ్చటేనని జస్టిన్ నవ్విండు. ఆ నవ్వు తల్సుకుంటె ఇప్పటికీ వాడికి బుక్క దిగదు.

ఖమ్మం నుంచి క్రిస్టోఫర్ అని కొత్త గిటారిస్టును పిలిపించిన్రు. గిటారు ఎర్రగ, అద్దం లెక్క మెరుస్తది. నెలంత ప్రాక్టీసు. జస్టిన్ మిరియాల పాలు తాగిండు, అతిమధురం నమిలిండు, మెడకు మఫ్లర్ చుట్టి ఎండాకాలంల ఎండల తిరిగిండు. గొంతు రోజురోజుకు గరగర అంటుంటే, దుమ్ము అనుకున్నడు, ఏసీ అనుకున్నడు. కండక్టరు సీటు కాడ ఏసీ ఎక్కడిదని గూడ ఆలోచన చెయ్యలే.

పెండ్లి రోజు రానే వచ్చింది. షామియానా, మైకుసెట్టు అన్నీ భద్రు టెంట్‌హౌసువి. తెల్లచీరల మహిమ ముందు వరుసల కూసొని మామ దిక్కే చూస్తున్నది. ఆంథోని, ఆయన భార్య సంపూర్ణ చుట్టాల లెక్క వచ్చి స్పీకరు పక్కన నిలబడ్డరు. మొదటి చరణం బాగనే పోయింది. రెండో చరణంల పాట పైకెక్కాలె. జస్టిన్ కండ్లు మూసుకొని ఎక్కిచ్చిండు. ఘాటు రోడ్డు మీద గేరు పడని బస్సు లెక్క గొంతు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

మహిమ మొకంల నవ్వు గట్లనే నిలబడిపోయింది.

అంతలనే ధబ్బుమని సప్పుడు. స్పీకరు కీచుమని మూగబోయింది. చూస్తే ఆంథోని వైర్లల్ల కాలు పెట్టి బోర్లపడ్డడు, చేతిల మైకుసెట్టు ప్లగ్గు.

"అయ్యో, అయ్యో! నా కాలు తగిలిందిరా! పొద్దటి నుంచి ఈ వైరు మీదనే నిలబడ్డ, గందుకే మైకు గొంతు కీసుపోయింది!"

భద్రు ఉరికొచ్చి మొత్తుకున్నడు. "ఏం మనిషివయ్యా! కండ్లు నెత్తికెక్కినయా?"

"జర దింపుకుంట, భద్రూ" అన్నడు ఆంథోని, కింద పడ్డకాడి నుంచే.

షామియానా ఘొల్లున నవ్వింది. మగపెండ్లోళ్లు గూడ నవ్విన్రు. మైకు ఖరాబైంది గని జస్టిన్ గొంతుకేమైంది, బంగారం అని ఎవరో అన్నరు. మహిమ గూడ నవ్వింది. గని జస్టిన్‌కు తెల్సు. గొంతు ముందు పోయింది, ప్లగ్గు తర్వాత ఊడింది.

వైరు అతికేదాక క్రిస్టోఫర్ దగ్గరికొచ్చి మెల్లగ అన్నడు, "అంకుల్, జర కిందికి దింపి పాడుదామా?"

"దింపితే ఆంథోని పొడుగు గిటారు పాట అయితది. అది పైకి పోదు, గందుకు ఆయన దింపుతడు. మనకేం ఖర్మ?"

క్రిస్టోఫర్ వింతగ చూసిండు. "ఎవరు చెప్పిన్రు, అంకుల్, బారిటోన్ పైకి పోదని? మెడకు క్లిప్పు పెడితే శృతి పైకెక్కి మామూలు గిటారే అయితది. ఎవరికైనా తెల్సు."

ఎవరికైనా తెల్సట. జస్టిన్ మహబూబ్ అలీ దిక్కు తిరిగిండు. మహబూబ్ అలీ కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తున్నడు.

"భాయ్, నీకు తెల్సా?"

"తెల్వకేంది, జస్టిన్ భాయ్. బూర్గంపాడు పెండ్లిల నీ గొంతు మొదటిసారి తప్పింది, యాదికుందా? దగ్గొచ్చిందని నువ్వు మైకు పక్కకు పెట్టినవ్. గా వారమే ఆంథోని హైదరాబాదు పోయిండు. నా నోటికి గూడ తాళమేసిండు."

ఆ పాటను దింపే పాడిన్రు. మహిమ కండ్లు తుడుసుకుంట విన్నది, ఆమెకు తేడా తెల్వలే. తేడా తెల్సినోడు స్పీకరు పక్కన మోకాలు రుద్దుకుంట తల ఊపుతున్నడు.

తర్వాత ఖమ్మం డాక్టరు గొంతుల లైటేసి చూసి తేల్చి చెప్పిండు, పై శృతి ఇగ రాదు, అరుసుడు బంజెయ్యకపోతే కిందిది గూడ మిగలదని. ఆ ఒక్క నెల మొండికిపోకుంటే కొంచమన్నా మిగిలేదేమో. డిపోల బతిమాలి టికెట్ కౌంటర్ల పడ్డడు. ఒక పొద్దుగాల సిగ్గు చంపుకొని ఆంథోని ఇంటికి పోయిండు. వంగి ఫ్యాను దాటిండు, వంగి కూసున్నడు. మోకాళ్లు గదుమకు తగిలినయి.

"తప్పయింది, అన్నా. ఎంత మాటన్న! నాకు ముందే చెప్తే అయిపోతుండె గదా, నీ గొంతు పోతున్నదని?"

"చెప్తే నువ్వు పాడుతుంటివా?" అన్నడు ఆంథోని. "మానుకుంటుంటివి. నీ పాట లేకపోతె మా గిటార్లెందుకు, చలి కాగనీకా?"

నీ ఈలలన్నీ ఇడిసిపెట్టి, నాకు పడాల్సిన తిట్లన్నీ నువ్వు తిన్నవు గదన్నా అన్నడు జస్టిన్. చాయ్ తెచ్చిన సంపూర్ణ ఊకుంటదా?

"ఆయన తిట్లు సరే. నా ముచ్చటేంది, జస్టిన్? పాట ఒక్కటే దింపితే నీకు అనుమానమొస్తదని మీ అన్న గడియారం దింపిండు, ఫ్యాను దింపిండు. మొదలు యాక్టింగు అన్నడు. ఆర్నెల్లు పోయేసరికి నిజంగనే ఎక్కింది పిచ్చి. నీ గొంతు కోసం నా పుట్టింటోళ్లిచ్చిన నాలుగు టేకు కుర్చీల కాళ్లు పోయినయి!"

జస్టిన్ ఏడ్వబోయి నవ్విండు, నవ్వబోయి ఏడ్చిండు. అన్నిటికీ గొంతు కీసుగనే వచ్చింది.

క్రిస్మస్ ముందు వారం ఆంథోని ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. జస్టిన్ నాలుగు కొత్త టేకు కుర్చీలు దింపించిండు, ఎత్తుగ, రాజాల్లెక్క. సంపూర్ణ ఒకదాంట్ల కూసొని ఎన్నేండ్లకో కాలు మీద కాలేసుకున్నది. మహబూబ్ అలీ కీబోర్డు ఇప్పిండు. ఆంథోని పొడుగు గిటారుకు మరింత లావు తీగలు కట్టి పెట్టిండు. ముందే, ఎవరూ అడగకుంటనే, హైదరాబాదు నుంచి తెప్పించినయి.

జస్టిన్ పాడిండు. పావురాలు లేవలే. గోడ మీద ఉన్నయి ఉన్నట్టే కూసొని విన్నయి. పోయిన శృతి కోసం వాడి పాణం ఒక్క గడియ కొట్టుకున్నది, తర్వాత గిటారు మోత కింద పట్టుకున్నది. చరణం అయినంక చూస్తే ఆంథోని కొత్త కుర్చీల ఇబ్బందిగ కదులుతున్నడు. పొట్టి మనిషి, కాళ్లు నేలకు అందుతలేవు. ఒకసారి కుర్చీ కాళ్ల దిక్కు చూసిండు, ఒకసారి జస్టిన్ దిక్కు చూసిండు.

"తమ్మీ, ఏమనుకోకు గని, జర..."

మాట పూర్తి గాకముందే సంపూర్ణ లేచి రంపం దాచనీకి లోపలికి ఉరికింది.