సాముయేలు సారు పెండ్లికి అడ్డం పడ్డ రాళ్లు

ముందు తుమ్ము వినిపించేది. బడి వరండా చివర ఒకటి, మధ్యలో ఒకటి, తలుపు దగ్గర ఇంకొకటి. ఆ తర్వాతే, సుద్దపొడి మబ్బులోంచి దిగినట్టు, లెక్కల సాముయేలు సారు గదిలోకి వచ్చేవాడు. ఆయన ముక్కుకూ సుద్దకూ పడేది కాదు. మొయినాబాదు పిల్లలకూ లెక్కలకూ అంతకన్నా పడేది కాదు.

ఆయనకు ప్రాణమైన పాఠం ఒకటుంది. x వర్గం గ్రాఫును బోర్డు మీద ఊయలలా వేలాడదీసేవాడు. దాన్ని మూడు గళ్లు కుడికి జరిపేవాడు, నిలువునా రెండింతలు సాగదీసేవాడు, చివరికి నాలుగు గళ్లు పైకి లేపేవాడు. "ఇగ దీన్ని దాని ఇంటికి తోలుండ్రి" అనేవాడు.

ఎంకపల్లి నుంచి నడిచొచ్చే భిక్షపతి లేచి ముందు ఎడమకు జరిపేవాడు, తర్వాత సగానికి కుదించేవాడు, ఆఖరున నాలుగు దించేవాడు. గ్రాఫు ఇల్లు దాటిపోయి రెండు గళ్లు కింద, బురదగుంటలో బర్రెలా కూర్చునేది.

"ఆఖరు చేసింది ముందు విప్పాలెరా. ముందు నాలుగు దించు, అటెన్క సగం చెయ్యి."

"గదెట్ల సారు? జాతరకు ముందు పోయిన బండే ముందు తిరిగొస్తది. మా తాతలకాన్నుంచి గదే మర్యాద."

"గ్రాఫుకు తాత లేడురా."

క్లాసు నవ్వింది. భిక్షపతి మారలేదు.

పందొమ్మిదివందల అరవై తొమ్మిది ఉద్యమం వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, పిల్లలు జై తెలంగాణ అంటూ రోడ్డెక్కారు. సాముయేలు కూడా గొంతు కలిపాడు. రాష్ట్రం రావాలన్న కోరిక నిజమే. పరీక్ష పేపర్లు దిద్దే పని తప్పిందన్న ఆనందం కూడా ఆ గొంతులో కొంత ఉండేది.

ఆ వేసవిలోనే ఆయన పెండ్లి కుదిరింది. పిల్ల చేవెళ్ల మల్లప్ప కూతురు మేరీ. కాబోయే మామకు లెక్కల సార్ల మీద గురి లేదు. "పన్నెండుకు పాస్టరు ఇంకో ఊరికి పోతడు. అప్పటికి నువ్వు చర్చిల లేకుంటే పిల్లనియ్యనీకి తాసిల్ కచేరీ గుమాస్తా ఉన్నడు" అని ముఖం మీదే చెప్పాడు. చెప్పడమే కాదు, ఆ గుమాస్తాను పెండ్లికి పిలిచాడు కూడా.

పెండ్లినాడు కిరాయి వ్యానులో తల్లి సరోజమ్మను, చుట్టాలను ఎక్కించుకొని సాముయేలు బయలుదేరాడు. ఎండలో రోడ్డు ఎవరో ఉతికి ఆరేసిన నల్లచీరలా పరుచుకొని ఉంది. కల్వర్టు దగ్గర ఆ చీర మీద, బస్సులు ఆపడానికి ఉద్యమం పిల్లలు వేసిన గుట్ట ఒకటి లేచింది. అడుగున ఎంకపల్లి పిల్లలు పేర్చిన రాళ్లు. రాళ్ల మీద చిన్న మంగళారం ఊరివాళ్లు పడేసిన తుమ్మమొద్దు. మొద్దు మీద మొయినాబాదు వాళ్లు ఎక్కించిన విరిగిన బండి. కాపలా ఉన్నవాళ్లంతా ఆయన శిష్యులే.

"జర తొవ్వ ఇయ్యుండ్రిరా. పెండ్లి."

"మీకు కాకుంటే ఎవరికిస్తం సారు" అన్నాడు భిక్షపతి. బండి మీద చెయ్యి వేసిన మొయినాబాదు పిల్లవాణ్ణి పక్కకు నెట్టాడు. "ముందు పెట్టింది మేము. ముందు తీసేది మేమే."

ఎంకపల్లి పిల్లలు అడుగు రాళ్లను గుంజారు. మొద్దు దిగబడింది. బండి ఒక పక్కకు ఒరిగి, చక్రం కల్వర్టు గోడకు ఇరుక్కుంది. గుట్ట ఇదివరకటికన్నా గట్టిగా కూర్చుంది.

"ఇన్నేండ్ల సంది గిదేనా నువ్వు చెప్పిన పాఠం?" అంది సరోజమ్మ వ్యానులోంచి.

ఎండ నడినెత్తికి పాకుతోంది. సాముయేలు కళ్లకు చర్చిలో ముందు వరుసన గుమాస్తా ఇస్త్రీ చొక్కా కనిపించసాగింది. ఆయన అలవాటుగా జేబులో సుద్దముక్క వెతికాడు. కొత్త కోటులో అది లేదు. పాఠం మానేసి భిక్షపతి భుజం మీద చెయ్యి వేశాడు.

"తొవ్వ తెరిచిందెవరని రేపు ఊళ్లల్ల చెప్పుకుంటరు? మొదలు బండి గుంజినోడా, ఆఖరు రాయి తీసినోడా?"

భిక్షపతి గుట్టవైపు చూశాడు. "ఆఖరు రాయి తీసినోడే."

"ఆ రాయి ఏ ఊరిది?"

"మాది" అన్నాడు భిక్షపతి. మొయినాబాదు వాళ్లవైపు తిరిగి రాజులా చెయ్యి ఊపాడు. "మీ బండి మీరు తీసుకోండ్రి. అటెన్క మొద్దు. మేం ఆఖరికి."

బండి దిగింది, మొద్దు దొర్లింది, రాళ్లు కదిలాయి. చివరి రాయిని పొట్టకు ఆనించుకొని భిక్షపతి నిలబడిపోయాడు.

"సారు, అంటే ముందు నాలుగు దించాలన్నట్టు."

ఈ మాట కోసం సాముయేలు ఏడాదంతా సుద్ద మింగాడు. ఇప్పుడు వినే తీరిక లేదు.

"బడి తెరిచినంక చెప్పు. ముందు రాయి పక్కకెయ్యి."

చేవెళ్ల చేరేసరికి పన్నెండు దాటి చాలాసేపయింది. గుమాస్తా ముందు వరుసలోనే ఉన్నాడు. పాస్టరూ కదల్లేదు. మాంసం ఇంకా ఉడకలేదు. మల్లప్ప గడియారం చూశాడు, అల్లుడి కోటుకంటిన దుమ్ము చూశాడు, కూర్చొమ్మని కుర్చీ జరిపాడు.

ముసలితనంలో, ఈ కథ రాస్తానన్న మనిషిని గేటుదాకా సాగనంపుతూ సాముయేలు సారు వంటింటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మేరీ నాకోసం ఏడ్చుకుంట ఎదురుచూసిందని రాయకు బిడ్డా. గోడకు ఆనుకొని నిద్రపోయింది. నేను పోయి లేపితే, 'ఎవరొచ్చిండ్రు, గుమాస్తానా?' అన్నది. గది రాయి."