పద్మిని చదివే నీళ్ళ వార్త

బతు బస్తీలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చే ముందు రోజు సాయంత్రం ఏడింటికి లోకల్ కేబుల్ ఛానల్లో చిన్న గంట మోగుతుంది. తర్వాత పద్మిని గొంతు: "బతు బస్తీ వాసులకు గమనిక." తొమ్మిదేళ్ళుగా ఆ మాట చెవిన పడగానే ఇళ్ళలో ఒకటే పని. మిగిలిన నీళ్ళు మొక్కలకు పోసేసి, డ్రమ్ము తోమి వాకిట్లో బోర్లిస్తారు. పాత నీళ్ళ మీద కొత్త నీళ్ళు పట్టకూడదని ఆ వీధి ఆడవాళ్ళ పట్టింపు.

పద్మిని పుట్టింది ఆ వీధిలోనే. తండ్రి సోంపేట వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చి చాతం రంపపు మిల్లులో దుంగలు మోశాడు. ఆమె చదువంతా హిందీలో సాగింది. పగలు ఫొటో స్టూడియోలో పని, సాయంత్రం ఛానల్లో నీళ్ళ వార్త. కొత్తలో తెలుగును హిందీ అక్షరాల్లో రాసుకుని చదివేది. అది విని పక్కింటి సింహాచలమ్మ టీవీ కట్టేసి మరీ వచ్చింది.

"ఓలె, అది తెలుగేటే? రేషన్ షాపోడు లిస్టు సదివినట్టుంది."

నవ్వి ఊరుకోలేదు. పెళ్ళికి ముందు అయిదో తరగతి దాకా చదివిన ఆవిడ, తన భజన పుస్తకం ముందు పెట్టి మూడు నెలలపాటు రోజూ పద్మిని చేత అక్షరాలు దిద్దించింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా ఆవిడ చెప్పిందే.

ఈ ఏడు వార్డు ఎన్నిక వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారు తిరుమలరావు నిలబడ్డాడు. ఆయన ప్రచారానికి చెన్నై నుంచి ఒక యాడ్ ఏజెన్సీ మనిషి దిగాడు. మూడు రోజులు హోటల్ గదిలో కూర్చుని లోకల్ ఛానల్ చూసి, నాలుగో రోజు డెలానీపూర్‌లోని ఛానల్ ఆఫీసుకు వచ్చాడు.

"మాస్టారి ముఖం ఎవరికీ గుర్తుండదు దీదీ. మీ గొంతును మాత్రం అందరూ నమ్ముతారు. నాకది చాలు" అన్నాడు పద్మినితో.

నీళ్ళ వార్త లేని రోజున అదే ఏడింటికి, అదే గంటతో ప్రకటన. పద్మిని ఒక్క ఊపులో చదివేసింది. "బతు బస్తీ వాసులకు గమనిక. ఇకపై మీ ఇంటికి రోజూ నీళ్ళు." చివర్లో తెర మీద తిరుమలరావు ఫొటో, గుర్తు. తన గొంతు వెనక వయొలిన్ వినపడుతుంటే ఆమెకు గర్వంగానే ఉంది.

మంగళవారం సాయంత్రం ప్రకటన వేశారు. బుధవారం పొద్దున్న పనికి బయల్దేరిన పద్మినికి, బోర్లించిన డ్రమ్ము పక్కన చేతులు ముడుచుకుని కూర్చున్న సింహాచలమ్మ కనిపించింది. అవతల ఇంకో రెండిళ్ళ ముందూ డ్రమ్ములు బోర్లించే ఉన్నాయి.

"రోజూ నీళ్ళన్నావు కదే. ఉన్నవన్నీ కరేపాకు సెట్టుకి పోసీసినాను. అయిదింటికాడ నుంచి కుళాయి దగ్గరే ఉన్నాను."

"అయ్యో పిన్నీ, అది ఎలక్షన్‌ది. గెలిస్తే ఇస్తామని. మాస్టారి ఫొటో వేశారుగా!"

"ఫొటో ఎవులు సూసినారు? నాను వంటింట్లోన ఉన్నాను. గంట మోగింది, నీ గొంతు ఇన్నాను." సింహాచలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "సర్లే. ఇక మీదట బయటికొచ్చి, బొమ్మ సూసి నమ్ముతాను."

తిట్టినా బాగుండేదనిపించింది పద్మినికి. తన ఇంట్లోంచి రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి, ఆ డ్రమ్ము నిలబెట్టి పోసింది. స్టూడియోకు పోకుండా నేరుగా డెలానీపూర్ బస్సెక్కింది.

సంగతి విని ఏజెన్సీ మనిషి చప్పట్లు కొట్టాడు. "డ్రమ్ములు బోర్లించారా? అంటే యాడ్ హిట్ దీదీ!"

"నా గొంతు తీసెయ్యండి" అంది పద్మిని.

ఛానల్ ఓనరు కన్నబాబు తల గోక్కున్నాడు. "పోలింగ్ దాకా వేస్తానని మాటిచ్చేశాను పద్మినీ."

"అయితే నీళ్ళ వార్త ఇంకొకరితో చదివించుకో భయ్యా. నేను చదివినా ఇంక డ్రమ్ము కడిగేవాళ్ళుండరు. కనీసం ప్రకటన అని ముందు చెప్పి వెయ్యండి."

"ప్రకటన అని చెప్తే వినేదెవరు దీదీ?" అన్నాడు ఏజెన్సీ మనిషి.

"నేననేదీ అదే."

రెండో ప్రకటన షూటింగుకని పౌడరు రాసుకుని మూలన కూర్చున్న తిరుమలరావు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "మా వాకిట్లోనూ డ్రమ్ము బోర్లించే ఉందమ్మా. ఆ యాడ్ సంగతి మా ఆవిడకి చెప్పలేదు నేను. పొద్దున్న తలస్నానం కూడా లేదు నాకు." జేబురుమాలుతో పౌడరు తుడుచుకుని ఏజెన్సీ మనిషి వైపు తిరిగాడు. "ఆ గంటా వద్దు, ఈ అమ్మాయి గొంతూ వద్దు. ఏం చెప్పాలన్నా నా ముఖంతో నేనే చెప్తాను."

అంత తేలిగ్గా పని అవుతుందని పద్మిని అనుకోలేదు. చేతులెత్తి ఆయనకు దణ్ణం పెట్టింది.

ఆ సాయంత్రం ఏడింటికి గంట మోగింది. పద్మిని తెలుగు అక్షరాల్లో రాసుకున్న కాగితం చదివింది. "బతు బస్తీ వాసులకు గమనిక. నిన్న ఈ వేళకు మీరు విన్నది ఎన్నికల ప్రకటన. గొంతు నాదే. నీళ్ళ వార్త మాత్రం కాదు. డ్రమ్ములు ఖాళీ చేసుకున్నవాళ్ళు నన్ను మన్నించాలి. రేపు ఉదయం ఆరు నుంచి ఏడు వరకు మీ వీధికి నీళ్ళు వస్తాయి."

బస్సు దిగి వీధిలోకి తిరిగాక ఆమె నడక నెమ్మదించింది. సింహాచలమ్మ వాకిట్లో లైటు వెలుగుతోంది. పొద్దున్న తను నిలబెట్టిన డ్రమ్ము తోమి బోర్లించి ఉంది. దాని అంచు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

పద్మిని అక్కడే నిలబడిపోయింది. లోపల మూకుడులో నూనె చిటపటలాడుతోంది.

"పిన్నీ, బొమ్మ చూశావా?" అని వాకిట్లోంచే అడిగింది.

"నేదే. సేతినిండా పిండి. ఇక్కడే ఉన్నాను" అంది సింహాచలమ్మ. "నిలబడిపోనావేటి? బూరెలు ఏడిగున్నాయి, రా."