మిరప కోతల్లో గుండెమంట

మా దర్శి వైపు మిరప కోతల కాలంలో ఎవరైనా గుండెల్లో మంటగా ఉందంటే పక్కవాళ్ళు తల తిప్పి కూడా చూడరు. కళ్లంలో ఎండుకాయ కదిలిస్తే చాలు, ఘాటు లేస్తుంది. అందరూ దగ్గుతారు, అందరి రొమ్మూ మండుతుంది. ఆ ఏడాది మా అక్క కూడా ఆ మాటే అంది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఏరుతూ ఆగి, రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకునేది.

"ఘాటేలే," అనేవాడు బావ. "పుట్టిందగ్గర్నుంచీ మిరపకాయల్లోనే ఉన్నావు, ఇప్పుడేంటి కొత్తగా?"

"ఆ ముక్క మా తమ్ముణ్ణి అడుగు. గ్రంథాలయం మొత్తం మింగేశాడుగా," అని నవ్వేది అక్క.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే, నిఘంటువు పక్కన పెట్టుకుని. అప్పుడు నా చేతిలో ఉన్న విజ్ఞాన పత్రికలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీద వ్యాసం ఉంది. మన కణాల్లో ఉండే ఇరవై పైచిలుకు జన్యు అక్షరాల చిన్న ముక్కలవి. ఏ జన్యువు ఎంత పని చెయ్యాలో అదుపు చేస్తాయి. గుండెకు నెత్తురందించే నాళాలు పూడుకుపోతున్నప్పుడు వాటిలో కొన్ని రక్తంలో పెరుగుతాయట, కొన్ని తగ్గుతాయట. ఒక్క రక్తం చుక్కతో జబ్బును ముందే పసిగట్టవచ్చేమోనని శాస్త్రజ్ఞుల ఆశ. ఆ వ్యాసం అర్థమైన రోజు నాకు పండగలా ఉంది.

ఒక ఉదయం, కళ్లానికి ఎంతో దూరాన బోరింగు దగ్గర, బిందె ఎత్తబోయి అక్క మళ్ళీ రొమ్ము పట్టుకుంది. అక్కడ ఘాటెక్కడిది? పట్టుబట్టి ఒంగోలు తీసుకెళ్ళాం. ఈసీజీ మామూలుగానే వచ్చింది.

"ఇదొక్కటే చూసి వదిలెయ్యలేమమ్మా. యాంజియోగ్రామ్ చేద్దాం," అన్నాడు డాక్టరు.

"కోతలయ్యాక వస్తానండి. కూలీలంతా చేలో ఉన్నారు," అంది అక్క.

నేను మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష గురించి అడిగాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. "ఎక్కడ చదివారండీ? అది ఇంకా పరిశోధనలోనే ఉంది. ఒక పరిశోధక బృందానికి కనిపించిన గుర్తు ఇంకో బృందానికి కనిపించట్లేదు. మామూలు ఆసుపత్రుల్లోకి రాలేదు." అంత పెద్ద డాక్టరు నాతో సమానంగా మాట్లాడినందుకు, అక్క పక్కనే ఉండగా, నాకు గర్వంగా అనిపించింది.

బస్సులో బావ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "చెప్పానా? మిషనే బాగుందంటుంటే!"

కోతలు పూర్తి కాకముందే, ఒక మధ్యాహ్నం కళ్లంలో పరిచిన పట్టా మీద కాయలు తిరగేస్తూ అక్క కూలబడిపోయింది. ఆటో వచ్చేసరికే ప్రాణం లేదు.

వానలు మొదలయ్యాక బావ గ్రంథాలయానికి వచ్చాడు. ఆ గుమ్మం తొక్కడం ఆయనకు అదే మొదలు. చెప్పులు బయట విప్పి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. కుర్చీ జరిపాను.

"ఆ రోజు డాక్టర్ని ఏదో అడిగావే బామ్మర్దీ, నెత్తుట్లో ఉంటాయని. అది చదువు."

పాత సంచికల్లోంచి వెతికి తెచ్చి, ఒక్కో వాక్యం మామూలు మాటల్లోకి మార్చి చెప్పాను. ఆయన బల్ల వైపే చూస్తూ విన్నాడు.

"నేను ఘాటంటున్నప్పుడు, ఆ జబ్బు గుర్తులు మీ అక్క నెత్తుట్లో ఉన్నాయా?"

"తెలియదు బావా. ఉన్నా తేల్చి చెప్పే పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు."

"పరీక్ష సంగతి కాదురా. ఉన్నాయా, లేవా?"

"దాని మీద ఇంకా శాస్త్రజ్ఞులకే ఒక మాట లేదు."

"ఇన్ని పుస్తకాలు చదివి తెలియదంటావేంటిరా!"

కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాయన తలెత్తి చూశాడు. బావ గొంతు తగ్గించాడు. కండువా కొసను మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాడు. "లేవని చెప్పు బామ్మర్దీ. నీ నోటితో చెప్పు."

తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదని నేర్చుకున్నది నేను ఆ బల్ల దగ్గరే. పత్రిక మూసేశాను.

"లేవు బావా. అప్పటికింకా లేవు."

సరేనన్నట్టు తలాడించాడు. నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. లేచి, చెప్పులు చేత్తో పట్టుకునే వానలోకి దిగి వెళ్ళిపోయాడు.