మల్గీల గోడ వేడెక్కిన రోజు

నా చిన్నప్పుడు ఎవరైనా నన్ను దేనికి భయమని అడిగితే, ఎక్కువ ధర పెట్టి మోసపోవడానికి అని చెప్పేదాన్ని. వరంగల్‌ బజారులో దుకాణదారుల ఇంట పుట్టినదాన్ని. మాటల కంటే ముందు బేరం నేర్చుకున్నానని మా ఇంట్లో నవ్వుకునేవాళ్లు. అసలు భయం ఎట్లా ఉంటుందో పదేళ్లప్పుడు తెలిసింది.

మా బాపుకు బట్టల దుకాణంతో పాటు నాలుగు మల్గీలు, అంటే కిరాయికిచ్చే దుకాణపు గదులు, ఉండేవి. చివరి మల్గీలో ఒకాయన దూది పరుపులు కుట్టేవాడు. దాని పైనున్న రెండు గదుల్లో ఒక సారు, నేను అక్కా అని పిలిచే ఆయన భార్య, వాళ్ల పసిబిడ్డ ఉండేవాళ్లు. వీటన్నింటినీ మా తాత కాలం నుంచీ, మేం చాచా అని పిలిచే ఒక పెద్దాయన చూసుకునేవాడు.

ఆ ఏడు మా దుకాణానికి బీమా ఏజెంటు ఒకాయన వచ్చాడు. మల్గీలకు అగ్ని బీమా చేయించుకోమన్నాడు. బాపు సగానికి అడిగాడు. "ఇది చీర కాదు సేటూ, రేటు నా చేతుల ఉండదు" అని ఏజెంటు కాగితాలు సర్దుకుని లేచాడు. బాపు నోరు తెరవబోతుంటే మోకాలు గిల్లింది నేనే. "పిలవకు బాపూ, మూల తిరిగే లోపల ఆయనే మళ్లొస్తడు" అన్నాను చెవిలో. మా బజారులో అది ఎప్పుడూ గురి తప్పని ఎత్తు. ఏజెంటు మూల తిరిగాడు. తిరిగి రాలేదు.

అదే ఊపులో బాపు చాచాను కూడా మాన్పించాలనుకున్నాడు. కిరాయి వసూలుకు వేరే మనిషెందుకు, గోడలు తడుముకుంటూ తిరిగేవాడికి జీతమెందుకు అని ఆయన వాదన. నాకూ సబబుగానే తోచింది. నెలాఖరున, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, చాచా తన ఆఖరి చుట్టు తిరుగుతుంటే తాళాలు తీసుకురమ్మని బాపు నన్ను వెంట పంపాడు.

ప్రతి గదిలో ఆయన కరెంటు మీటరు పక్క గోడకు అరచేయి వెనుకవైపు ఆనించి కాసేపు నిలబడేవాడు. మూడు గదులు అయ్యాయి. పరుపుల గదిలో ఆనించిన చేయి తీయలేదు. నా చేయి పట్టి అక్కడే పెట్టాడు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటిలా కాలుతోంది.

"ఎండకేమో చాచా" అన్నాను.

"లోపలి గోడకు ఎండ ఏడికెళ్లొస్తది బిడ్డా?"

గోడలో వైర్లు కాలుతున్నాయని కరెంటు మెయిను పీకేశాడు. అప్పటికే అటక మీది దూదిలోంచి సన్నగా పొగ లేస్తోంది. పరుపులాయన్ను బయటికి తోసి, తను నీళ్లకు పరుగెడుతూ, పైనున్న అక్కను, పసిబిడ్డను దింపుకు రమ్మన్నాడు నన్ను. భయమైతుంది చాచా అని ఏడ్చాను.

"భయం మంచిదే. భయంతోనే పో. జల్ది!"

ఆ మెట్లెక్కుతూ దేవుడితో బేరం ఆడాను. మొదటి మెట్టు మీద ఒక కొబ్బరికాయ అన్నాను. సగం మెట్లెక్కేసరికి పొగ గొంతులో దిగింది, నువ్వే చెప్పు ఎంతైనా ఇస్తా అన్నాను. జీవితంలో ధర అడగకుండా ఒప్పుకున్నది అదొక్కసారే. తలుపు బాదాను. అక్క బిడ్డను కొంగులో చుట్టుకుని నా వెనుకే దిగింది. మేం రోడ్డు మీదికి వచ్చామో లేదో, దూది ఒక్కసారిగా అంటుకుంది.

మనుషులంతా దక్కారు. రెండు మల్గీలు, పై గదులు కూలిపోయాయి. పరుపులాయన రోడ్డు మీద కూలబడి, "గోడ నీదే గద సేటూ! ఒక్కసారన్న చెయ్యి పెట్టి సూడకపోతివి" అన్నాడు. బాపు దగ్గర బీమా కాగితం లేదు. మిగిలిన రెండు మల్గీలు అమ్మితే గాని కూలినవి లేవలేదు. ఏజెంటును వెనక్కి పిలవనియ్యనిది నేనేనని బాపు ఎవరితోనూ అనలేదు. అనుంటే నాకు కాస్త తేలికయ్యేది. చాచాను మాత్రం ఉండమని బతిమాలి, తాళాలు ఆయన చేతిలోనే పెట్టాడు.

ఇప్పుడు హనుమకొండలో నాకూ మూడు వాటాల ఇల్లుంది. కొత్తిమీర కట్ట దగ్గర ఇప్పటికీ పది నిమిషాలు వాదిస్తాను. బీమా గడువు దగ్గర పడితే మాత్రం నోరెత్తకుండా కడతాను. ఇల్లు చూసుకోవడానికి పని తెలిసిన ఒకామెను పెట్టాను, జీతం దగ్గర గీచి గీచి బేరమాడలేదు. ఓనరమ్మ పిరికిది అని కిరాయిదార్లు నవ్వుకుంటారని నాకు తెలుసు. ఉరుము వినబడితే చాలు, ఆమెకు ఫోన్ చేస్తాను. "పైన పిల్లలున్నరా? బోర్డు వేడిగున్నదా? జర చెయ్యి పెట్టి సూడు" అంటాను. మొన్ననే చూశాను కదమ్మా అని విసుక్కుంటూనే పోతుంది. ఆమె పైకెక్కి, చూసి, మళ్లీ ఫోన్ చేసి చెప్పేదాకా నేను కూర్చోలేను.