సగం కాల్చిన బిందె

పందొమ్మిదివందల అరవైల్లో నెల్లూరులో స్టీలు సామాను చేసే చిన్న కార్ఖానాలో నాది కొలిమి పని. పాలిటెక్నిక్ చదివానన్న గర్వం దండిగా ఉండేది.

లేతు మీద పనిచేసే మేస్త్రీ ఒక సాయిబు గారు. యాభై దాటిన మనిషి, అంతకుముందంతా ఇత్తడి పనే. గుండ్రటి రేకును తిరుగుతున్న అచ్చుకు పొడవాటి కడ్డీతో అదిమి బిందెగా సాగదీసేవారు. స్టీలు సాగేకొద్దీ గట్టిపడుతుంది. ఇక వంగనని మొండికేసినప్పుడు తీసి నాకిచ్చేవారు. నేను కొలిమిలో నారింజ రంగు దాటేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడేది. ఇత్తడిలా కాస్త ఎర్రబడితే చాలదు. ఆ సంగతి ఆయనకు చెప్పింది నేనే.

ఒకరోజు మధ్యాహ్నం కోవూరులో నాకు పెళ్లిచూపులు. బస్సు తప్పిపోతుందని, బాగా సాగిన బిందెనొకదాన్ని ఎర్రబడగానే తీసి ముంచేశాను.

ఆయన దాన్ని బిగించి, కడ్డీ ఆనించి, ఆగారు.

"ఇది మెత్తబడినట్టు లేదబ్బయ్యా. బాగా కాల్చినావా?"

"కాల్చినాను. మీరు కానీండి."

నా మాట నమ్మారు. కాసేపటికే అంచు ఫెళ్లున చీలింది. చీలిన రేకు ఆయన అరచేతిని చూపుడువేలి మొదలుదాకా కోసేసింది.

యజమాని పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగాడు. చేతికి తువ్వాలు చుట్టుకుంటూ ఆయన నావైపు చూశారు.

"మేస్త్రీ మరీ గట్టిగా అదిమినారు సార్" అన్నాను.

ఆయన తువ్వాలు బిగించుకుని బయటికి నడిచారు. నేను బస్సెక్కి కోవూరు వెళ్లాను. అమ్మాయివాళ్లు పెట్టిన బజ్జీలు తిన్నాను కూడా.

గాయం మాని ఆయన పనిలోకి వచ్చిన రోజున, వయసైపోయిందంటూ యజమాని ఆయన్ని లేతు నుంచి తప్పించి సామానుకు మెరుగు పెట్టే పనిలో కూర్చోబెట్టాడు. అప్పుడూ నేను నోరు మెదపలేదు. ఇంకో నెల గడిచాక, ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను.

"అన్నా, ఆ బిందె నేను సరిగ్గా కాల్చలేదు."

"కడ్డీ ఆనించినప్పుడే నాకు తెలిసింది. నువ్వు చెప్పినావని చేసినాను. తెలిసినోడికి మళ్లీ చెప్తావేంది? తెలియనాయనకు పోయి చెప్పు."

మర్నాడు అందరి ముందూ యజమానికి చెప్పాను. నోటికొచ్చినట్టు తిట్టాడు కానీ, పనిలోంచి తియ్యలేదు. మేస్త్రీని తిరిగి లేతు దగ్గరికి పంపాడు. ఆయన చూపుడువేలు మాత్రం ఇక పూర్తిగా ముడుచుకోలేదు. కడ్డీ పట్టుకోవడానికి ఆయన అవస్థపడుతుంటే నేను కొలిమివైపు తిరిగి నిలబడేవాణ్ణి.