సగం గత్తం, సగం ఎరువు

మా మేనత్త పోయిందని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే సాలూరు దగ్గర మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ముందురోజు సాయంత్రం దాకా చేను చూసుకుని వచ్చిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయిందట.

ఊళ్లో అందరూ మెట్ట భూముల్లో నీలగిరి వేసుకుంటున్న రోజుల్లో ఆమె ఒక్కతే తన ఎకరం గరువులో, అదే మెట్ట చేలో, చోళ్లు వేసింది. చోళ్లంటే రాగులే. మామయ్య గొణిగితే, "నీలగిరి తింటామేటి?" అని ఒక్క మాటతో సరిపెట్టింది.

ఆ ఎకరానికి నడుమ గట్టు వేసింది. ఒక సగానికి పశువుల పెంట మాగిన గత్తం, జీవామృతం. రెండో సగానికి దుకాణం ఎరువు. నేనప్పుడు రాజాంలో ఎరువుల దుకాణంలో పనిచేసేవాణ్ణి. రెండు పడవల మీద కాళ్లెందుకత్తా అన్నాను.

"నువ్వొకటి సెప్తావు, గత్తమే ఎయ్యమని మీటింగులెట్టినోల్లు ఒకటి సెప్తారు. నానెవల్ని నమ్మాల? అందుకే సేన్నే అడుగుతన్నాను," అంది.

వానలు ముఖం చాటేసిన ఏడు మా వరి నిలువునా ఎండింది. ఆమె ఎరువు వేసిన సగమూ వాడిపోయింది. గత్తం వేసిన సగం మాత్రం పొట్టిగానే ఉన్నా గింజ పట్టింది. మరుసటి ఏడు విత్తనానికి వచ్చిన వాళ్లందరికీ దోసిళ్లతో పోసి పంపింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. సేంద్రియ సాగు నేర్పే ఒకాయన ఫోటోలు తీయడానికి వచ్చి, గత్తం వేసిన సగమే బాగా పండిందని చెప్పమన్నాడు. ఊరివాళ్లం గట్టు మీదే ఉన్నాం.

"ఈ ఏడు ఎరువేసిందే గెలిసినాది బాబూ. అదీ రాసుకో," అంది.

ఆయన నసిగాడు.

"మావోల్లు నా మాట మీదే ఇత్తనం ఏస్తారు. నాను అబద్దమాడితే ఆల్ల కడుపు కాల్తాది."

ఆయన ఫోటో తీయకుండానే వెళ్లిపోయాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఈ బస్తా నీకు అక్కర్లేదని ఒక్క రైతుకైనా నేను చెప్పి ఎరుగను. ఆ తర్వాతే చెప్పడం మొదలుపెట్టాను, యజమాని తిడుతున్నా.

ఏ పద్ధతి మంచిదని ఎవరడిగినా, "ఏ ఏటికా ఏడు సూసుకోవాల్రా" అనేది అత్త.

పదో రోజు కర్మ అయిన మర్నాడు గరువు వైపు వెళ్లాను. ఆమె కోడలు, పిలకలు బాగా రావాలని, లేత చోడి మొక్కల మీదుగా ఓ మొద్దు లాగుతోంది. మొద్దు వెళ్లిన దారంతా మొక్కలు నేలకు వాలిపోయాయి. నేను గట్టు మీద కూర్చుని చూస్తుండగానే, మొదటి సాలులో ఒకటి మెల్లగా తలెత్తింది. దాని పక్కన ఇంకొకటి.